గుంపుకి అప్ప

మొన్న శ్రీకాకుళం కాంప్లెక్సులో విజయనగరం బస్సు కోసం కూర్చుని ఉంటే, పక్క బెంచీ మీద చెవుల్లో తీగలు పెట్టుకున్న కుర్రాడొకడు ఫోనులోకి వంగిపోయి, "అప్పా, నువ్వు ఎనక్కి రా. నేనున్నాను కదా, నువ్వు ఎనక్కొచ్చీ," అంటున్నాడు. గొంతులో ఎంత ఆదుర్దా అంటే, నిజంగానే ఎవరో ఆడమనిషి లారీ కింద పడబోతోందేమోనని ఇద్దరు ముగ్గురు తలతిప్పి చూశారు. నేను చూడలేదు. ఆ అప్పకి మీసాలుంటాయని నాకు తెలుసు. ఏ ఊళ్లోనో, ఏ కుర్చీలోనో కాళ్లు బారజాపుకుని, పెళ్లాం తెచ్చిన టీ చల్లారబెట్టుకుంటూ కూర్చుని ఉంటాడని కూడా తెలుసు.

మా వైపు అక్కని అప్ప అంటాం. మా చెల్లెలి మొగుణ్ణి ఎక్కడెక్కడి మగపిల్లలో కొన్నేళ్లపాటు అప్పా అని పిలిచారు. అతని పేరు ఇక్కడ చెప్పను. బతికున్నవాణ్ణి పోయినవాణ్ణి తలుచుకున్నట్టు తలుచుకోకూడదంటారు. బదిలీ మీద వేరే ఊరు వెళ్లి ఆదివారాలు మాత్రమే ఇంటికొస్తున్నాడు కాబట్టి సగం పోయినట్టే లెక్క, ఆ సగం గురించే చెబుతాను.

అప్పట్లో ఈ మా మరిది శ్రీకాకుళంలో ఒక ప్రభుత్వ ఆఫీసులో గుమాస్తా. ఆఫీసు నుంచి రాగానే చొక్కా విప్పి, హాల్లో ప్లగ్గు పక్కన వేసిన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చునేవాడు. ఆ కుర్చీని ఎవరూ కదపకూడదు. ఫోను ఛార్జింగు తీగ ఎంత పొడవో అతని సంసారం అంత పొడవు. మాట్లాడిస్తే ఎడమ అరచెయ్యి పైకెత్తేవాడు, కూడలిలో ట్రాఫిక్ పోలీసు బండ్లని ఆపినట్టు. తల మాత్రం ఎత్తడు. వంటింట్లో పాలు పొంగిపోతున్నా ఆ చెయ్యే, గుమ్మంలో గ్యాసు బండ మోసుకొచ్చినవాడు నిలబడ్డా ఆ చెయ్యే. "ఒక్క నిమిషం వదినా, ఇప్పుడు లేస్తే గుంపంతా సచ్చిపోతాది," అనేవాడు నాతో.

ఆ ఆట సంగతి నాకు అర్థమైనంతలో ఇది. కోటలూ, అడవులూ, రాక్షసులూ ఉంటాయి. ఎవరి ఇళ్లల్లో వాళ్లు కూర్చుని ఫోనులో ఒక్కో వేషం కట్టుకుని ఒక గుంపుగా చేరతారు. ఒకడు కత్తి పట్టుకుని ముందుకి దూకుతాడు, ఇంకొకడు డాలు అడ్డం పెడతాడు, ఒకరు వెనక నిలబడి దెబ్బతిన్నవాళ్లకి వైద్యం చేసి లేపుతుంటారు. మా మరిది వైద్యురాలు. అవును, వైద్యురాలే. నడుం దాటిన జడ, చేతిలో వెలిగే కర్ర, కాటుక కళ్లు. ఎవరికి చిన్న గీత పడినా ఆ కర్ర ఊపి నయం చేసేది. అందరికంటే ముందు వచ్చి, అందరూ వెళ్లాక వెళ్లేది. ఒక్కణ్ణి కూడా వదిలి రాదని గుంపులో గొప్ప పేరు.

ఇదే మనిషి, మా చెల్లెలికి ఒళ్లు పేలిపోయే జ్వరం వచ్చిన రోజున సందు చివర మందుల షాపుకి వెళ్లి మాత్ర తేలేదు. నేను విజయనగరం నుంచి వచ్చేసరికి అది తడిగుడ్డ నుదుటి మీద తనే వేసుకుని పడుకుంది. అతను కుర్చీలో కూర్చుని ఎవరికో వైద్యం చేస్తున్నాడు. తల్లికి కూడు పెట్టనివాడు పినతల్లికి బంగారు గాజులు చేయిస్తానన్నాడట. ఆ సామెత పుట్టిన రోజుల్లో ఫోనుల్లేవు గానీ మనుషులు వీళ్లే.

మొహమాటపడకుండా అడిగాను ఓసారి. "మగోడివి కదా, ఆడమనిషి ఏషమేటి నీకు?"

సిగ్గుపడతాడనుకున్నాను. పడలేదు. ఆట గురించి ఎవరైనా అడిగితే అతనికి పండగ. అప్పుడు మాత్రం తల ఎత్తేవాడు. "ఆడమనిషైతే అడక్కుండానే సాయం సేస్తారు వదినా. తిట్టరు. నిదానంగా మాటాడతారు. మగోడైతే ఒక్క తప్పుకే ఎల్లగొట్టేస్తారు."

"మరి ఆ ఆటేటి, అంతలాగ?"

"అక్కడ కష్టపడితే పెరుగుతావు వదినా. ఎంత సేస్తే అంత పెరుగుతావు, అందరికీ కనిపిస్తాది. ఆపీసులో ఎంత సేసినా ఎవడికి కనిపిస్తాది?"

ఆఫీసులో అతను చేసేదేమిటో వాళ్ల ఆఫీసులోనే పనిచేసే చెల్లెలి పక్కింటాయన నాకు చెప్పాడు కాబట్టి నవ్వొచ్చింది. కానీ ఆ మాట తర్వాత చాలాసార్లు తలుచుకున్నాను. పొగడ్త కావాలి, అది వెంటనే కావాలి, ఎదురుగా కనబడాలి. మంచివాడినని అనిపించుకోవాలి గానీ మంచి చెయ్యడానికి కుర్చీలోంచి లేవకూడదు. ఇంట్లో మంచితనానికి చప్పట్లుండవు. పెళ్లానికి మంచినీళ్లిస్తే గుంపంతా జేజేలు కొట్టదు. ఇలాంటివాళ్లు వీరత్వం కోసం ఆడతారనీ, బతుకులో విసుగు పోవడానికి ఆడతారనీ చెబుతుంటారు చదువుకున్నవాళ్లు. నా కళ్లతో చూసినవాడు మాత్రం కష్టం లేని మంచితనం కోసం ఆడాడు. దానికి నాకు కొంచెం కూడా గౌరవం లేదు.

తర్వాత మా చెల్లెలు నెల తప్పింది.

మూడో నెలలో ఒకరోజు ఫోను చేసి, గొంతు తగ్గించి చెప్పింది, ఎవరైనా వింటే దిష్టి తగులుతుందన్నట్టు. "అప్పా, మీ మరిది మారినాడే."

"ఏటి మారినాడు?"

"అడుగుతన్నాడే. రోజూ అడుగుతన్నాడు. వాంతి ఎలాగొస్తన్నాది, ముందు నోట్లో నీళ్లూరతాయా, ఏటి తినాలనిపిస్తన్నాది, అన్నీ. కాళ్లు పొంగినాయంటే వంగి సూసినాడు కూడాను."

"పట్టినాడా, సూసినాడా?"

"సూసినాడు," అంది. మళ్లీ తనే, "అదైనా ఎప్పుడు సూసినాడే," అంది.

ఆ సంతోషాన్ని చెడగొట్టడానికి నాకు నోరు రాలేదు. బిడ్డ మొదటిసారి కదిలినప్పుడు దానికి ఎలా ఉందో కూడా అతను పక్కన కూర్చుని అడిగాడట. అది చెప్పిందట, లోపల సేప తోక ఆడించినట్టున్నాది అని. "ఇంకోసారి సెప్పు," అన్నాడట. మళ్లీ చెప్పిందట. భావనపాడు సముద్రం దగ్గర పెరిగిన పిల్లలం మేం. వలలో చేప తోక కొట్టుకోవడం చేతికి ఎలా తగులుతుందో మాకు తెలుసు. ఆ మాట అది మొగుడికి తప్ప ఎవరికీ చెప్పలేదు. తర్వాత నాకొక్కదానికే సగం సిగ్గుతో, ఒట్టు వేయించుకుని చెప్పింది.

ఏడో నెలలో ఒక ఆదివారం నేను అక్కడే ఉన్నాను. చెల్లెలికి ఇష్టమని నెత్తళ్ల చేపలు వండి పట్టుకెళ్లాను. భోజనాలయ్యాయి. మా మరిది కుర్చీ ఎక్కేశాడు. ఎవరో తలుపు కొట్టారు, చెల్లెలు వెళ్లి తీసింది.

గుమ్మంలో పాతికేళ్ల పిల్లాడు. మడత నలగని చొక్కా. ఒక చేతిలో స్టీలు క్యాను, ఇంకో చేతిలో సంచి, అందులోంచి అరటిపళ్ల అత్తం పైకి కనబడుతోంది. చంకలో బట్టల కొట్టు కవరు. చెల్లెలి పొట్ట చూశాడు, మొహం చూశాడు, కళ్లనిండా నవ్వాడు.

"అప్పా," అన్నాడు. "నేనే. కొత్తవలస తమ్ముణ్ణి."

చెల్లెలు నా వైపు తిరిగింది. నాకూ తెలియదు.

"ఎవరు బాబూ?"

"నా గొంతు గుర్తుపట్టలేదేటప్పా? రోజూ ఇంతావు కదా ఆటలో. నువ్వంటే టైపు సేస్తావు గానీ మేమందరం మైకులోనే కదా వాగుతాం."

ఆ గొంతు గుర్తుపట్టినవాడు ఇంట్లో ఒక్కడే ఉన్నాడు. నేను అతని వైపు చూశాను. ఫోను ఒళ్లో బోర్లా పెట్టేశాడు. ఆ ఇంట్లో ఆ ఫోను బోర్లా పడటం నేనెప్పుడూ చూడలేదు.

పిల్లాడు అతనికి దండం పెట్టాడు. "బావగారూ, అప్ప మీద కోప్పడకండి. తప్పు నాదే. సారె కొరియర్లో పంపుతాననే అడ్రసు అడిగినాను. మా మామ్మ తిట్టినాది. కడుపుతో ఉన్న ఆడపడుచుకి సలిమిడి కొరియర్లో పంపుతారేట్రా, నీ సేత్తో దాని ఒడిలో పెట్టాల గానీ, అన్నాది. అందుకే వచ్చీసినాను."

అదీ మా మరిది చేసిన తప్పు. గుంపులోని అమ్మానాన్నల్లేని పిల్లాడొకడు అప్పకి సారె పెడతానంటే, పార్సిల్లో మిఠాయిలు వస్తాయి కదా అని అడ్రసు ఇచ్చేశాడు. ఈ గడ్డ మీద పుట్టి, పెళ్లి చేసుకుని, సారె అంటే మనిషి నడిచొస్తాడన్న ఇంగితం లేకపోయింది. ఫోనులో వచ్చేదంతా ఫోనులోనే ఉండిపోతుందనుకున్నాడు.

పిల్లాడికి కూర్చోమన్నా కూర్చోబుద్ధి కాలేదు. దారంతా కూడగట్టుకున్న మాటలేమో, నిలబడే మొదలెట్టాడు. "సిన్నోణ్ణి బావగారూ, సెప్పకూడదు. గానీ అప్పకి మేం తప్ప ఎవరున్నారు? కాళ్లు పొంగిపోతన్నాయి, మీరు సూస్తారంట గానీ పట్టరంట. అప్పుడు జొరమొస్తే మేమందరం గోల సేసినాం, మందేసుకో అప్పా అని. సందు సివర షాపంట, మీరు లేచి ఎల్లలేదంట. రాత్రి వండిన కూర బాగున్నాదో లేదో కూడా అనరంట. పోనీ మైకులో ఒక మాట మాటాడనిస్తే అదీ లేదు, మా ఆయన ఊరుకోడు అని రాస్తాది పాపం."

మా చెల్లెలు ఆ మాటల్లో ఒక్కటి కూడా నిష్ఠూరంగా ఎన్నడూ ఎవరితోనూ అనలేదు. నాతో అనలేదు. మా అమ్మతో అనలేదు. దాని మనసులో ఉన్నది ఉన్నట్టు, వరస తప్పకుండా, ముక్కూ మొహం తెలియని పిల్లాడు దాని గుమ్మంలో నిలబడి అప్పజెబుతున్నాడు.

"కడుపులో బిడ్డ సేప తోక ఆడించినట్టు ఆడతన్నాదని రాసినావు సూడప్పా, ఆరోజు నేను ఏడిసీసినాను," అన్నాడు.

చెల్లెలు తలుపు రెక్క పట్టుకుంది. అన్ని నెలల నుంచి మొగుడు ఎందుకు పక్కన కూర్చున్నాడో, ఎందుకు ఇంకోసారి చెప్పమన్నాడో, దానికి అప్పుడు తెలిసింది. నాకు ఒళ్లు మండిపోయింది. ఈ అప్ప ఎవరో ఆ పిల్లాడికి అక్కడే చెప్పేద్దామని లేచాను. చెల్లెలు నా చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

"కాళ్లు కడుక్కుని రా తమ్ముడూ," అంది పిల్లాడితో. "ఎండనపడొచ్చినావు."

మాకు అన్నదమ్ముల్లేరు. మా ఇద్దరి పెళ్లిళ్లకీ అన్నదమ్ముడు చెయ్యాల్సిన పనులకి వీధిలో వాళ్ల అబ్బాయిని బతిమాలి తెచ్చుకున్నాం. చెల్లెలు పీట వేసుకుని తూర్పు మొహంగా కూర్చుంది. పిల్లాడు మామ్మ చెప్పి పంపినట్టు బొట్టు పెట్టి, గాజులు చేతికిచ్చి, చలిమిడి ముద్ద దాని ఒడిలో పెట్టాడు. కడుపు చల్లగా ఉండాలప్పా అన్నాడు. అప్పుడు ఏడ్చింది మా చెల్లెలు. ఆ ఏడుపు ఎందుకో పిల్లాడికి ఒకలా అర్థమైంది, నాకు రెండు రకాలుగా అర్థమైంది. ప్లగ్గు పక్కనున్నవాడికి ఏమర్థమైందో నాకు తెలియదు.

పిల్లాణ్ణి ఆటో ఎక్కించి వచ్చాక చెల్లెలు మొగుడి ఎదురుగా నిలబడింది. అరవలేదు.

"సేప తోక మాట నీకే కదా సెప్పినాను."

"నేను సెడ్డగా ఏటీ రాయలేదు," అన్నాడు. "మైకులో మాటాడమని పోరుతుంటే ఏటి సెయ్యాల? మా ఆయన ఊరుకోడని రాసినాను. ఆడనించి అలగలగ ఎల్లిపోయినాది. అందరికీ నీ మీద ఎంత జాలో తెలుసా?"

"కాళ్లు పొంగినాయని నీకు తెలుసు. మందు తేలేదని తెలుసు. అన్నీ తెలుసు."

అంతవరకూ నేను అతన్ని గుడ్డివాడనుకున్నాను. పెళ్లాం కష్టం కనబడని మొద్దు అని సరిపెట్టుకున్నాను. కాదు. అన్నీ చూశాడు, మా అందరికంటే బాగా చూశాడు. తను పెట్టిన కష్టాన్నే ఆమె గొంతుతో చెప్పుకుని, ఆమెకి రావలసిన జాలి తను తిన్నాడు. గుడ్డివాడైతే క్షమించేదాన్నేమో.

"ఆ పిల్లోడికి ఇది తెలీకూడదు," అంది చెల్లెలు. "నువ్వు ఏ ఏషమైనా ఏసుకో. ఆడు మాత్రం నా తమ్ముడు. ఆడు పోయినాడంటే నీతో మాటుండదు నాకు."

ఆ రోజు నుంచి తన ఒంట్లో సంగతి మొగుడికి చెప్పడం మానేసింది. ఎలాగున్నాదంటే, బాగానే ఉన్నాది. నొప్పులొస్తున్నప్పుడు ఆసుపత్రి వరండాలో కూడా బాగానే ఉన్నాది అన్నది, పళ్లు బిగించి. పిల్లాడు ఫోనులు చేసేవాడు, వచ్చేవాడు. దాని నంబరు తీసుకున్నాక ఆటలో రాతకోతలు తగ్గించేశాడు. ఆడపిల్ల పుట్టిందంటే పరుగెత్తుకొచ్చి, పొత్తిళ్లలో పాపని ఎత్తుకోవడానికి భయపడి, నా పక్కన కూర్చుని చూస్తూ ఉండిపోయాడు. మా చెల్లెలు మాత్రం అతను వచ్చిన ప్రతిసారీ మొదట సంతోషించేది, వెంటనే భయపడేది. "ఎప్పుడో తెలిసిపోతాది అప్పా," అనేది నాతో. "తెలిస్తే మరి రాడు. తమ్ముణ్ణి సూపించి లాక్కున్నట్టవుతాది."

పాపకి చెవులు కుట్టించే రోజు వచ్చింది. మేనమామ ఒళ్లో కూర్చోబెట్టి కుట్టించాలి. మేనమామ కొత్తవలస నుంచి పొద్దున్నే దిగాడు, చెవులకి పోగులు కూడా తెచ్చాడు. హాల్లో చాప వేశాం. కంసాలి ముసలాయన తీగ సరిచేసుకుంటున్నాడు. పాప మామ ఒళ్లో కూర్చుని అతని చొక్కా గుండీ నోట్లో పెట్టుకుంది. మా చెల్లెలు పక్కనే మోకాళ్ల మీద కూర్చుంది, రెండు చేతులకీ పసుపూ కొబ్బరినూనే. తండ్రి వంటింట్లోకి వెళ్లాడు.

ఒక చెవి కుట్టారు. పాప ఊపిరి ఆగిపోయేలా ఏడ్చింది. ఏడుపు మరపించడానికి ఈ కాలంలో అందరూ చేసేదే పిల్లాడూ చేశాడు, జేబులోంచి ఫోను తీసి వెలిగించి పాప మొహం ముందు పెట్టాడు. అప్పుడే గుంపులో ఒక కబురొచ్చి తెర మీద పడింది. అతని భుజం పక్కన ఉన్నాను కాబట్టి నేనూ చదివాను.

అప్ప రాసింది. పాపకి సెవులు కుడతన్నారు, ఏడుపు సూడలేక వంటింట్లోకొచ్చీసినాను, నా గుండె కొట్టుకుంతన్నాది అని.

పిల్లాడు ఎదురుగా ఉన్న అప్పని చూశాడు. పసుపు చేతులు చూశాడు. "అప్పా, నీ ఫోనెక్కడున్నాది?" అన్నాడు మెల్లగా.

"బీరువా మీదున్నాది తమ్ముడూ, ఎందుకూ?" అని, అనేశాక నా మొహం చూసింది. దానికి అర్థమైపోయింది. పసుపు చేతులు ఒళ్లో పడిపోయాయి. పిల్లాడు వంటింటి గుమ్మం వైపు చూశాడు. లోపల స్టవ్వు పక్కన వీపు కనబడుతోంది, వంచిన మెడ కనబడుతోంది. ఒక తండ్రికి కూతురి ఏడుపు వినలేక గుండె కొట్టుకుంది, అది నిజమే. ఆ నిజాన్ని కూడా, చదివే పిల్లాడు హాల్లోనే ఉన్నాడన్న ఆలోచనైనా లేకుండా, పెళ్లాం వేషంలో తప్ప చెప్పుకోలేకపోయాడు. నాకు ఆ క్షణంలో జాలి కలగాల్సింది. అసహ్యమే కలిగింది.

కంసాలి తీగ పట్టుకుని చూస్తున్నాడు. "రెండో సెవి ఉన్నాది బాబూ. పట్టుకుంతావా, మరెవరికైనా ఇస్తావా?"

పిల్లాడు ఫోను చాప మీద పెట్టి, దాన్ని కాలితో దూరంగా జరిపాడు. పాప తల తన గుండెకి ఆనించుకున్నాడు.

"మరెవరికి ఇస్తాను తాతా, మేనమావని నేనే కదా," అన్నాడు. "కానీ. గట్టిగా పట్టుకున్నాను."

అంతే. ఆ సంగతి పిల్లాడు ఆరోజు గానీ ఆ తర్వాత గానీ చెల్లెలిని అడగలేదు. భోజనం చేశాడు. వెళ్లేటప్పుడు అప్ప కాళ్లకి దండం పెట్టాడు. బావగారికి వెళ్లొస్తానని చెప్పలేదు.

కొన్నాళ్లకి నేను వెళితే మా మరిది నా కోసమే చూస్తున్నట్టు కుర్చీలోంచి లేచాడు. కళ్లు ఎర్రగా ఉన్నాయి. కూతురు పుట్టినప్పుడు తడవని కళ్లు.

"వదినా, ఆడు గుంపులోంచి ఎల్లిపోయినాడు. అంత కాలం కలిసి ఆడినాం. ఒక్క మాట సెప్పలేదు. నేనేటి సేసినాను ఆడికి?"

"నీ పెళ్లాన్నడుగు," అన్నాను.

వంటింట్లో మా చెల్లెలు పాపకి ఉగ్గు కలుపుతూ తమ్ముడూ అంటూ ఫోనులో నవ్వుతోంది. అటు చూసి గొంతు తగ్గించాడు.

"అది నాతో ఏటీ సెప్పదు వదినా."

వేషం లేకుండా, తన గొంతుతో, తన కష్టం తను చెప్పుకోవడం అతని నోట నేను విన్నది అదొక్కసారే. వినేసి, పాపని ఎత్తుకోవడానికి లోపలికి వెళ్లిపోయాను.